మాటలు రానివాడితో కబురు

కింది వాటాలో కొత్తగా దిగినవాళ్లు జొన్నరొట్టెలు కొడుతున్నారు. పిండి మీద అరచెయ్యి పడే ఆ చప్పుడు మా వంటింటిదాకా వినిపిస్తే నర్సమ్మ పెద్దమ్మ గుర్తొచ్చింది. కొత్తపేటలో మేముంటున్న ఈ ఇల్లు ఆవిడదే, అప్పట్లో ఆ కింది వాటాలోనే ఉండేది. నల్గొండ పక్క పల్లె నుంచి వచ్చిన మనిషి. ఆవిడ కూతురు స్వరూపకు ముప్పై దాటినా తల దువ్వాలన్నా, అన్నం తినిపించాలన్నా అమ్మే. మా అబ్బాయి కార్తీక్‌కు ఆటిజం అని తేలినప్పుడు వాణ్ణి చూసి అయ్యో పాపం అనని మనిషి ఆవిడొక్కతే.

వాణ్ణి ఎల్బీనగర్‌లో థెరపీకి తిప్పడం నా పని. మా ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పేవారు. మా వంశంలో ఇలాంటిది లేదని అత్తగారు అన్నరోజు ఆయన పక్కనే ఉండి నోరు విప్పలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. అప్పటినుంచి ఏం చెప్పుకోవాలన్నా మధ్యలో పిల్లాడే. "కార్తీ, అన్నం పెట్టానని మీ నాన్నకి చెప్పు." "ఆకలి లేదని మీ అమ్మకి చెప్పరా." అలిగిన మొగుడూ పెళ్లాలు ఏ ఇంట్లోనైనా చేసేదే. మావాడికి ఆరేళ్లొచ్చినా మాటే రాలేదన్న సంగతి మా ఇద్దరికీ తట్టలేదు.

ఒక ఆదివారం పొద్దున బట్టలు సర్దుకున్నాను. "తెనాలి అమ్మమ్మ వాళ్లింటికి వెళ్తున్నాం, ఇక రామని మీ నాన్నకి చెప్పు," అన్నాను. "వెళ్లమను," అన్నారాయన, పేపర్లోంచి తల ఎత్తకుండా. వాడు చెవులు మూసుకుని తల గోడకేసి కొట్టుకోసాగాడు. పెద్దమ్మ పరుగున పైకొచ్చి, వాణ్ణి వెనకనుంచి గట్టిగా పట్టుకుని ఒళ్లో కూర్చోబెట్టుకుంది. మా మాటలు మెట్లమీదే విన్నట్టుంది.

"గా పోరనికే మాట రాదు. మీ మాటలన్ని వాని నెత్తిన పెడ్తున్రా?" అంది. "మా ఆయన గిట్లనే. 'స్వరూపా, మీ అమ్మకు చెప్పు' అనుకుంటనే పానం ఇడిసిండు. బిడ్డ గురించి ఆయన మనసుల ఏముండెనో నాకు ఎన్నడు చెప్పలే. నేను అడగలే. గిప్పుడు అడుగుదామంటే ఎవరున్నరు?" వాణ్ణి ఎత్తుకుని లేచింది. "జర మొకాలు చూసుకొని కొట్లాడున్రి. పోరన్ని నేను తీస్కపోత."

ఇద్దరమే మిగిలాం. ఆయన పేపరు పక్కన పెట్టి, "పద్మా," అన్నారు. "మన తర్వాత వీణ్ణెవరు చూస్తారు? పొద్దస్తమానం నాకదే భయం. నీతో అంటే బెంగపడతావని..."

ఏడుపూ కోపమూ కలిసొచ్చాయి నాకు. "ఆ భయం నా ఒక్కదానిదే అనుకున్నానండీ ఇన్నాళ్లూ," అన్నాను. తర్వాత అత్తగారి మాట ఎత్తి కడిగేశాను. ఆయన అంతా విన్నారు, తప్పేనన్నారు. తెనాలి ప్రయాణం మానుకున్నాను.

పెద్దమ్మ ఇప్పుడు లేదు. స్వరూపను బడంగ్‌పేట్‌లో మేనమామ చూసుకుంటున్నాడు. కార్తీక్‌కు ఇంకా మాట రాలేదు. మా తర్వాత వాణ్ణెవరు చూస్తారో మాకు ఈనాటికీ తెలియదు. జవాబు నా దగ్గర లేదని ఆయనకు తెలుసు. అయినా మనసు ఆగనప్పుడల్లా నా ఎదురుగా వచ్చి కూర్చుని, నన్నే అడుగుతారు.