శూన్యమాసంలో బేటరీ

ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ డైరీ రాసే అలవాటు నాది. చలి ఎంత, కూర ఏమిటి, ఎవరొచ్చారు, ఎవరెళ్ళారు. అంతకు మించి ఏమీ ఉండదు. డెబ్బైల చివర ఒక చలికాలంలో మాత్రం వారం వారం "బేటరీ బాగుంది" అని రాసుకున్నాను. ఇప్పుడు చదువుతుంటే నాకే నవ్వొస్తుంది. రాసింది అబద్ధం కాదు. బేటరీ నిజంగానే బాగుంది.

నేను టాటానగర్‌లో రైల్వే మనిషిని. రైలు పెట్టెల కింద ఉండే బేటరీల విభాగం మాది. పెట్టెలో దీపం వెలగకపోయినా, ఫ్యాను తిరక్కపోయినా తిట్లు మాకే. అందుచేత మా బావ కారు కొనగానే దాని బేటరీ ఆరోగ్యం నా పూచీ అయిపోయింది.

బావంటే మా ఆవిడ అన్న. నేనతన్ని బావా అంటాను, అతనూ నన్ను బావా అంటాడు. గమ్హరియాలో నట్లూ బోల్టులూ చేసే చిన్న కార్ఖానా అతనిది. నలభై దాటినా పెళ్ళి కాలేదు. కారణం ఒకటే. పెళ్ళిచూపుల్లో నోరు విప్పడు. అమ్మాయి ఎదురుగా కూర్చుంటే చాలు, కాఫీ గ్లాసులోకి చూస్తూ ఉండిపోతాడు. మాటలు రాని పెళ్ళికొడుకని రెండు మూడు సంబంధాలవాళ్ళు వెనక్కి కబురు కూడా పంపారు.

అలాంటివాడు, స్వదేశం వెళ్ళిపోతున్న ఒక విదేశీ ఇంజనీరు దగ్గర ఎర్ర స్పోర్ట్స్ కారు కొన్నాడు. నేలకి జానెడెత్తున ఉంటుంది. రెండే సీట్లు. పైన గుడ్డ కప్పు. మాంగో అనే పేటలో అతను అద్దెకుండే సందులో రిక్షా దూరడమే కష్టం కాబట్టి కారుని మా క్వార్టరు వెనక రేకుల షెడ్డులో పెట్టాడు. మా అత్తగారు అప్పటికి మా ఇంట్లోనే ఉంటున్నారు. ఆవిడ కారు చుట్టూ తిరిగి చూశారు.

"ఇంత డబ్బాకి రెండే సీట్లేటిరా? పిల్లలెక్కడ కూకుంతారు?"

"పిల్లలెక్కడున్నారే అమ్మా?"

"నానూ అదే అడుగుతన్నాను."

ఆ కార్తీకంలో ఖరగ్‌పూర్ నుంచి సంబంధం వచ్చింది. అమ్మాయి అక్కడ బళ్ళో లెక్కల టీచరు. ముప్పై దాటింది. చిన్నప్పుడే తండ్రి పోతే, రైల్వే గార్డుగా పనిచేసిన మేనమామ పెంచాడు. మేం వెళ్ళాం. బావ మామూలుగానే గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. ఎవరూ అడక్కుండానే జేబులోంచి కారు ఫొటో తీసి బల్ల మీద పెట్టాడు. ఆమె దాన్ని చేతిలోకి తీసుకుని చూసింది.

"ఫొటోలో బాగానే ఉంది. నడుస్తుందా?"

బావ తలెత్తాడు. "మాగంలో మా ఊరు రండి. టేసను కాడ్నుంచి ఇంటికి నానే తోలుకెల్తాను."

"నాకు నేర్పుతారా?"

"నేర్పుతాను."

పెళ్ళిచూపుల్లో అతని గొంతు వినడం మాకదే మొదలు. మా అత్తగారికి కళ్ళనీళ్ళు తిరిగాయి. మాఘమాసంలో వాళ్ళు మా ఇంటికొచ్చి మాట ఇచ్చుకోవాలని అనుకున్నాం. తిరిగొచ్చే రైల్లో అందరికీ ఒకటే దిగులు. ఈ మనిషి మాట్లాడింది కారు అండ చూసుకుని. ఆ రోజున కారు కదలకపోతే మళ్ళీ మూగవాడైపోతాడు. సంబంధం చెయ్యి జారిపోతుంది.

అప్పటిదాకా ఆదివారం ఆదివారం బావ వచ్చి కారు స్టార్టు చేసి కాసేపు తిప్పేవాడు. బేటరీకి అది చాలు. పుష్యం రాగానే మా అత్తగారు అడ్డుపడ్డారు.

"ఇది సూన్యమాసం. పెళ్ళి మాట కోసం పెట్టుకున్న బండి. ఈ నెల్లాళ్ళూ దాన్ని స్టార్టు సెయ్యడానికి ఈల్లేదు."

"స్టార్టు చెయ్యకపోతే బండి చచ్చిపోతుంది అత్తయ్యా," అన్నాను.

"నెల్రోజులు ఊరికే కూకుంటే సచ్చిపోద్దేటి? అలగయితే మీ రైల్వేలో సగం మంది ఉండకూడదు."

వాదించి లాభం లేదు. నేను వేరే దారి చూశాను. తీగలు విప్పి బేటరీని కార్లోంచి బయటికి తీశాను. షెడ్డులో ఒక పీట వేసి దాని మీద పెట్టాను. నేల మీద పెడితే ఛార్జి దిగిపోతుందని మా విభాగంలో పాతవాళ్ళు అనేవారు. నేను నమ్మను. అయినా పీట వేశాను. పాత సామాన్ల బజారులో ట్రాన్స్‌ఫార్మరు కొని నేనే చేసుకున్న ఛార్జరు ఒకటుంది. వారానికోసారి దాంతో మెల్లగా ఛార్జి పెట్టి, మూతలు విప్పి డిస్టిల్డ్ వాటరు చూసి, తుప్పు పట్టకుండా కొసలకి వేజిలైను రాయడం మొదలుపెట్టాను. ఛార్జి పెట్టడం కూడా స్టార్టు కిందికే వస్తుందా అని అత్తగారు ఆరా తీశారు. రాదు, ఇది అన్నం పెట్టడంలాంటిదని చెప్పాను. అన్నానికి శూన్యమాసం లేదని ఆవిడ ఒప్పుకున్నారు. కానీ కొడుకు మీద నమ్మకం లేక షెడ్డుకి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకున్నారు.

ఇంతలో నన్ను చక్రధర్‌పూర్‌లో బదిలీ డ్యూటీకి వెయ్యమని ఆర్డరొచ్చింది. పుష్యం అయ్యేదాకా రావడానికి వీల్లేదు. మా ఆవిడ చెల్లెలి పురిటికి రూర్కెలా వెళ్ళి ఉంది. రైలు వేళవుతుంటే గుమ్మంలో బూట్లు కట్టుకుంటూ అత్తగారికి అన్నీ అప్పజెప్పాను.

"బేటరీ జాగ్రత్త అత్తయ్యా. నేల మీద పెట్టకండి, పీట మీదే ఉంచండి. మరీ చలి తగలనివ్వకండి. కొసలకి వేజిలైను రాయండి. వారానికోసారి ఛార్జి ఎక్కాలి. బావ వస్తే చెప్పండి, పెడతాడు."

"నాను సూసుకుంతాను బాబూ. మీరెల్లి రండి."

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నేను రోజంతా రైల్వేలో బేటరీ అనే మాటతోనే బతికేవాణ్ణి. మా అత్తగారిది టెక్కలి వైపు పల్లె. ఆవిడకి పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ బేటరీ అంటే ఒకటే. చీకట్లో పట్టుకెళ్ళే టార్చిలైటు. మా వంటింటి గోడకి మూడు సెల్లుల టార్చి ఒకటి వేలాడుతుండేది. షెడ్డులో ఉన్నదాన్ని ఆవిడ ఏ రోజూ బేటరీ అనలేదు. "ఆ ఏసిడ్డు పెట్టె" అనేవారు. ఇన్నేళ్ళు ఒకే కప్పు కింద ఉన్నాం కదా, ఈ సంగతి నా చెవిన పడలేదు.

చక్రధర్‌పూర్‌కి బావ కార్డులు రాసేవాడు. "బేటరీ బాగుంది. అమ్మ రోజూ ఎండలో పెడుతోందట. రాత్రి దుప్పటి కప్పుతోందట." ఎండ సంగతి నాకు కొంచెం వింతగా అనిపించింది. చలికి కాస్త వెచ్చదనం మంచిదేలే అని డైరీలో "బేటరీ బాగుంది" అని రాసుకున్నాను. తర్వాత బావ చెప్పాడు, అక్కడ జరిగిన మాటలు ఇవీ.

"అమ్మా, నాను ఛార్జి పెట్టాలట కదే. తాళం ఇయ్యి."

"నువ్వు ముట్టుకోవద్దు. నానే ఎక్కిత్తన్నాను సార్జి."

"ఎలగ?"

"ఎండలో పెట్టి."

"ఎండలో ఎక్కుద్దా?"

"మీ నాన్న ఉన్నన్నాళ్ళూ ఎండలోనే ఎక్కింది. ఇప్పుడెందుకెక్కదు?"

టార్చి సెల్లులు నీరసిస్తే ఎండలో పెట్టడం ఆ రోజుల్లో అందరూ చేసేదే. బావ అనుకున్నాడట, నేను రైల్వేలో కొత్త పద్ధతేదో వాళ్ళమ్మకి నేర్పి వెళ్ళినట్టున్నానని.

మాఘంలో ఖరగ్‌పూర్ వాళ్ళు వచ్చే రోజు పొద్దున్నే నేను తిరిగి ఇల్లు చేరాను. వంటింట్లో పొయ్యికి కొంచెం ఎడంగా పీట వేసుంది. దాని మీద పసిపిల్లల దుప్పటి చుట్టి ఏదో పడుకోబెట్టి ఉంది. దుప్పటి తీశాను. టార్చి. గాజు చుట్టూ వేజిలైను నిగనిగలాడుతోంది. మీట నొక్కితే పట్టపగలు గోడ మీద చంద్రుడు లేచినట్టు వెలిగింది.

"ఇదేమిటి అత్తయ్యా?"

"బేటరీ. సూడండి, ఎలగ ఎలుగుతందో. నీటి సుక్క సోకనివ్వలేదు."

"పీట ఎక్కడిది?"

"షెడ్డులోది. ఆ ఏసిడ్డు పెట్టె కింద ఊరికే పడుంటే తీసుకొచ్చినాను. మీరే కదా పీట మీద పెట్టమన్నారు."

షెడ్డు తెరిపించాను. చల్లటి సిమెంటు మీద, సాలెగూడు కప్పుకుని, అసలు బేటరీ కూర్చుని ఉంది. పాతది కావడం వల్ల ఊరికే ఉన్నా నీరసించిపోయింది. కొలిచి చూస్తే ఏమీ లేదు. వెంటనే ఛార్జరు తగిలించాను. నిండాలంటే మర్నాటిదాకా పడుతుంది. వాళ్ళ రైలు మధ్యాహ్నానికే వస్తుంది.

బావ వచ్చి చూశాడు. వెళ్ళి కార్లో కూర్చున్నాడు. స్టేషనుకి రమ్మంటే తల అడ్డంగా ఊపాడు.

నేనొక్కణ్ణే టెంపో మాట్లాడుకుని వెళ్ళాను. అమ్మాయి, మేనమామ, పెద్దమ్మ దిగారు. అమ్మాయి అటూ ఇటూ చూసింది.

"కారు రాలేదాండీ?"

"ఇంటి దగ్గరుంది."

"ఆయన?"

"ఆయనా దాంట్లోనే ఉన్నారు."

"ఇద్దర్లో ఎవరికి బాగోలేదు?"

నేను వాళ్ళ సంచులు టెంపోలో పెట్టించాను.

ఇంట్లోకి రాగానే పెద్దమ్మ చూపు వంటింట్లోని పీట మీద పడింది. చెప్పులు విప్పి, కొంగు కప్పుకుని, టార్చికి దండం పెట్టింది. "ఏ దేవుడమ్మా?"

"దేవుడు కాదమ్మా, బేటరీ," అన్నారు మా అత్తగారు. ఆవిడ పొద్దుట్నుంచీ అలిగి ఉన్నారు. ఇక ఆగలేదు. శూన్యమాసం నుంచి మొదలుపెట్టి, పీట, దుప్పటి, వేజిలైను, ఎండ, అన్నీ చెప్పేశారు. "నానేటి తప్పు సేసినాను? బేటరీ అంటే బేటరీని సూసినాను."

అమ్మాయి పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. ఆగలేక గోడకి ఆనుకుని, కళ్ళమ్మట నీళ్ళు కారేలా నవ్వింది. కళ్ళు తుడుచుకుని తిన్నగా షెడ్డుకి నడిచింది. కార్లో బావ స్టీరింగు వైపే చూస్తున్నాడు, అదే కాఫీ గ్లాసన్నట్టు.

"మీరు దిగండి. నేను కూర్చుంటాను. మీరు తొయ్యండి."

ఛార్జి ఎక్కిన ఆ కాస్తతో ఇంజను అందుకోవచ్చని నాకూ ఆశ కలిగింది. బేటరీ బిగించి, గుడ్డ కప్పు వెనక్కి మడిచాను. బావ గేరు, క్లచ్చి చూపించాడు, మాటల్లేకుండా వేలితోనే. అతనూ నేనూ మేనమామా తోశాం. పక్క క్వార్టర్లవాళ్ళు "అరే, ధక్కా లగావ్!" అంటూ వచ్చి చెయ్యి వేశారు. కారు దగ్గింది, తుమ్మింది, ఒక్కసారిగా అందుకుని, మా చేతుల్లోంచి జారి కాలనీ మైదానంలోకి దూసుకుపోయింది. లోపల ఆమె ఒక్కతే. ఎలా ఆపాలో ఆమెకి తెలియదు.

బావ కారు వెంట పరిగెత్తాడు. "ఎడం కాలు! ఎడం కాలు నొక్కండి! అది కాదు, అది కుడి! గేరు ముట్టుకోవద్దు! అటు కాదు, గోలుపోస్టుంది! ఇటు తిప్పండి, ఇటు! అబ్బబ్బ, భలే తిప్పినారు!"

మా అత్తగారు చెంపల మీద చేతులు పెట్టుకున్నారు. "ఓలమ్మో! నా కొడుకు ఎన్ని మాటలాడతన్నాడో సూడండి!"

ఆమె కాస్త నెమ్మది చేయగానే బావ తలుపు మీంచి లోపలికి దూకాడు. అయినా కారు ఆగలేదు. మా ముందు నుంచి వెళ్తూ అరిచాడు. "ఆపితే మళ్ళీ స్టార్టవదు బావా!"

అలా తిరుగుతూనే ఉన్నారు. మేనమామకి గాభరా. తిరుగు బండి వేళవుతోంది, మాట తేలలేదు. మైదానం అంచున నిలబడి, కారు దగ్గరికొచ్చినప్పుడల్లా ఒక్కొక్క ముక్క అరిచాడు.

"అమ్మా, ఏటంటావే?"

కారు వెళ్ళిపోయింది. మళ్ళీ వచ్చింది.

"దేనికి మావయ్యా?"

వెళ్ళిపోయింది. వచ్చింది.

"సంబంధానికే!"

ఈసారి చుట్టు పెద్దదైంది. లోపల బావ చేతులూపుతూ ఏదో చెబుతున్నాడు, ఆమె తలూపుతోంది. దగ్గరికొచ్చాక తలుపు మీంచి చెయ్యి బయట పెట్టి అరిచింది.

"సరే అనండి!"

పొద్దు వాలి పొగమంచు దిగింది. మాట ఖాయమైంది కానీ కారు ఆగడం లేదు. లోపల వాళ్ళు కబుర్లలో పడి మా కేకలు వినడం మానేశారు. అప్పుడు మేనమామ గబగబా ఇంట్లోకెళ్ళి, పీట మీది టార్చి తెచ్చి, వెలిగించి, అటూ ఇటూ గట్టిగా ఊపాడు. రైల్వేలో ఏ దీపాన్నయినా అలా ఊపితే ప్రమాదం, బండి ఆపమని అర్థం. బావకి ఆ సంగతి తెలియదు. గార్డు చేతుల్లో పెరిగిన పిల్లకి తెలుసు. వెలుగు ఆ మంచులో మైదానం అవతలిదాకా పోయింది. కారు మా ముందుకొచ్చి, ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. మరి ఆ రోజుకి స్టార్టు కాలేదు.

మా అత్తగారు మేనమామ చేతిలోంచి టార్చి తీసుకుని, కొంగుతో గాజు తుడిచి, మీట నొక్కి ఆర్పారు.

"సూసినారా బాబూ," అన్నారు నాతో, "ఎవరి బేటరీ పనికొచ్చిందో."