పొడుగు మైలు

మొన్న ఫిబ్రవరిలో మా ఆయన లైమన్ కన్నుమూసేదాకా, బంగాళాదుంపలు ఉడికాయో లేదో చూడడానికి నేను ఎన్నడూ మూత తీయలేదు. పొద్దున్నే ఆయన చేతికర్ర పట్టుకుని మిలిటరీ రోడ్డు మీద మైలుకొయ్య దాకా నడిచి, దాన్ని ఒకసారి తట్టి, తిరిగి వచ్చేవాడు. గేటు దాటగానే దుంపలు పొయ్యి మీద పెట్టేదాన్ని. మళ్ళీ గేటు చప్పుడు కాగానే దించేదాన్ని. ఇప్పుడు నా దుంపలు ఒకరోజు రాళ్ళు, ఒకరోజు గంజి. గోడకు గడియారం లేకపోలేదు. దాన్ని నమ్మి వంట చేయడం నాకు అలవాటు కాలేదు.

మన పాత కాపురస్తుల సంఘం కార్యదర్శి డోర్కస్ మీకర్ ఏప్రిల్లో మా ఇంటికి వచ్చి, జూన్ వనభోజనంలో చదవడానికి లైమన్ జీవితం రాసిమ్మంది.

"నువ్వే రాయాలి తామ్సినూ. పెళ్ళానికి తెలిసినంత ఎవరికి తెలుస్తుంది?"

"నాకు చదువెక్కడిది డోర్కస్? మూడు చలికాలాలు బడికి వెళ్ళాను. అందులో ఒకటి గజ్జి పట్టి ఇంట్లోనే కూర్చున్నాను."

"పెద్ద మాటలేమీ అక్కర్లేదులే. పుట్టాడు, సైన్యంలో చేరాడు, రోడ్డు వేశాడు, నిన్ను చేసుకున్నాడు, పోయాడు. అంతేగా?"

"అంతేనా? అయితే నువ్వే రాసెయ్యి. నోటితో చెప్పేశావు కూడా."

"నా చేతిరాత బాగోదు" అంది కార్యదర్శి.

సరే, కూర్చున్నాను. 'అడవులను చీల్చుకుంటూ' అని ఘనంగా మొదలుపెట్టాను. ఆయన చీల్చిన అడవి ఎంతో నాకు బాగా తెలుసు. మూడో రోజే గొడ్డలి జారి సొంత బూటు చీల్చుకున్నాడు. అందుకే చెట్లు నరికే పని మాన్పించి లెక్కపెట్టే పనిలో వేశారు. ఆ వాక్యం కొట్టేశాను. తర్వాత రాసినవాటిలో కూడా చాలా కొట్టేశాను. మిగిలింది ఇది.

ఈ మిట్ట మీద మనం రాకముందే ఇక్కడి ఆదివాసులు, హో-చంక్ వాళ్ళ కాలిబాట ఉండేది. వాళ్ళు దాన్ని లెక్కపెట్టకుండానే నడిచేవారు. ఒక కోట నుంచి ఇంకో కోటకు ఫిరంగులు లాక్కుపోవడానికి వీలుగా ఉండాలని సైన్యం వచ్చి, అదే బాటను వెడల్పు చేసింది. మొద్దులు బండి ఇరుసుకు తగలనంత పొట్టిగా నరికారు. బురద నేలల్లో దుంగలు అడ్డంగా పరిచారు. మనలో సగంమందికి పళ్ళు ఊడింది ఆ దుంగల మీదే. ఇంత చేస్తే ఆ దారిన శత్రువు ఎన్నడూ రాలేదు. సీసం బళ్ళు వచ్చాయి, పందులు వచ్చాయి, మా అత్తగారు వచ్చారు.

మైళ్ళు కొలిచింది బండి చక్రంతో. చక్రం ఆకుకు ఒక ఎర్రగుడ్డ కట్టేవారు. ఆ గుడ్డ నాలుగు వందలసార్లు పైకి వస్తే మైలు. లైమన్ బండి పక్కనే నడుస్తూ లెక్కపెట్టేవాడు. వంద కాగానే ఎడమ జేబులోని గులకరాయి ఒకటి కుడి జేబులో వేసి, "నూరూ!" అని కేక పెట్టేవాడు. బండి మీద కూర్చున్న కార్పొరల్ జెబ్ హస్కిన్స్ పుస్తకంలో ఒక గీత గీసేవాడు. నాలుగు గీతలు కాగానే బండి ఆపి, కొయ్య పాతించేవాడు. ఇందులో తప్పు జరిగే వీలు ఎక్కడుంది?

మా ఇంటి ముందుంది.

మా నాన్న ఇంగ్లండులోని కార్న్‌వాల్ నుంచి అమెరికాకు సీసం గనుల పనికి వచ్చి, ఈ మిట్ట మీద దుంగల ఇల్లు కట్టుకున్నాడు. నాకప్పుడు పదిహేడేళ్ళు. ఆ రోజు, అమ్మ సాయం లేకుండా, మొదటిసారి పాస్టీ చేశాను. పాస్టీ అంటే మాంసం, దుంప, ఉల్లి పెట్టి పిండి మడిచి కాల్చేది, చేత్తో పట్టుకుని తినేది. నేను చేసినది మాత్రం చేత్తో పట్టుకుంటే కూలిపోయేది. అడుగు పచ్చి, పైన బొగ్గు. ఇంట్లోవాళ్ళు ముట్టలేదు. రోడ్డు మీద బండి పక్కన ఒక సైనికుడు ఏదో గొణుక్కుంటూ పోతున్నాడు. పాపం ఆకలితో గొణుగుతున్నాడనుకుని, పరుగెత్తుకెళ్ళి అతని చేతిలో పెట్టాను.

అది పట్టుకోవడానికి రెండు చేతులూ కావలసి వచ్చాయి. మర్యాద కోసం మొత్తం తిన్నాడు. మింగుతున్నంతసేపూ నా వంక చూశాడు. అందచందాలకు చూశాడని చాలాకాలం అనుకున్నాను. "నీళ్ళిస్తావేమోనని చూశానే" అని తర్వాత ఆయనే చెప్పాడు. ఏమైతేనేం, వంద చుట్లు చక్రం తిరిగింది. గులకరాయి జేబు మారలేదు, నోట్లో పాస్టీ ఉండగా కేక రాలేదు. మనందరికీ తెలిసిన పొడుగు మైలు అలా పుట్టింది. అది మైలుంపావు. సైన్యం రెండు వేసవులు కష్టపడి వేసిన రోడ్డును నా వంట ఒక్క పూటలో చెడగొట్టింది.

ఇంతవరకే అయితే నవ్వుకుని ఊరుకునేవాళ్ళం.

మరుసటి వేసవి ఒక అధికారి గొలుసు పెట్టి కొలిపించాడు. తప్పు బయటపడింది. ఎవరిదని అడిగితే లైమన్, "నేను కేక వేశాను సార్" అన్నాడు. భయపడ్డాడు. అయితే గీత మరిచింది కార్పొరలేనని, వెంటనే ఆయన చేతి మీది హోదా చారలు కత్తిరించారు. ఆ ఏడాది సార్జెంటు కావలసిన మనిషి. ఆ రోజు నుంచి మీకందరికీ ఆయన 'పొడుగు మైలు హస్కిన్స్' అయ్యాడు.

పెళ్ళయిన రెండో వారం లైమన్ ఇది నాతో చెప్పి ఏడ్చాడు. "వెళ్ళి చెప్పేస్తానే" అన్నాడు. "ఇప్పుడు చెబితే చారలు తిరిగి కుడతారా? నోరు మూసుకోండి" అన్నది నేను. ఈ ఒక్క మాట కొట్టేసి మిగతాదంతా ఉంచుదామని రెండు రోజులు చూశాను. చెయ్యి రాలేదు.

సైన్యం వదిలాక హస్కిన్స్ గారు వాగు పక్కన గుడిసె వేసుకుని రంపాలకు పదును పెట్టుకుంటూ ఇక్కడే ఉండిపోయారు. పెళ్ళి చేసుకోలేదు. ఏం చెప్పినా, "మళ్ళీ చెప్పు" అనేవారు. చెవుడనుకున్నాం. ఊరంతా ఆయనతో అరిచి మాట్లాడతాం. చాపెల్లో ప్రసంగం చేసే పాస్టరుగారు కూడా ఆయన కూర్చునే వైపు తిరిగినప్పుడు గొంతు పెంచుతారు. దేవుడి గురించి సగం సంగతులు నాకు అలాగే తెలిశాయి.

నోరు మూసుకోమన్నదాన్ని నేనే కనుక, నేను చేసుకున్న ప్రాయశ్చిత్తం ఏమిటంటే శనివారం శనివారం ఆయనకు ఒక పాస్టీ తీసుకెళ్ళడం. పాస్టీ మూల మీద మావాళ్ళ పద్ధతిలో పిండితో 'హ' అని అక్షరం పెట్టేదాన్ని. చారలు పోయిన మనిషికి పిండి అక్షరం! ఆయన ప్రతిసారీ టోపీ తీసి పుచ్చుకునేవారు. లైమన్ ఒక్కసారి కూడా నా వెంట రాలేదు.

రాసింది మీ ముందు చదివే లోపల ఆయనకు వినిపించాలి కదా. మే నెల మూడో శనివారం పాస్టీ, కాగితాలు పట్టుకుని వెళ్ళాను. ఆయన గుమ్మంలో కూర్చుని రంపం ఆకురాయితో రాస్తున్నారు. ఒక్కసారే చెప్పి బయటపడాలని, గొంతెత్తి మొదలుపెట్టాను. మూడు కాగితాలూ అరుస్తూ చదివాను. చెట్టు మీది కాకులు లేచిపోయాయి. వాగు అవతల ఎవరిదో కుక్క మొరగడం మొదలుపెట్టింది. నలభై ఐదేళ్ళు దాచిన రహస్యం కుక్కలకు కూడా చెప్పాను.

ఆయన ఆకురాయి పక్కన పెట్టారు.

"అరవకమ్మా. వినపడుతోంది."

"వినపడుతోందా?"

"ఎప్పుడూ వినపడేది."

"మరి మళ్ళీ చెప్పమని ఎందుకంటారు అందరినీ?"

"నాకు వినపడిందే నిజమని ఎట్లా నమ్మేది? ఒకసారి నూరు చుట్ల కేక నా చెవిన పడలేదాయె. లైమన్ వేశానన్నాడు. అబద్ధమాడే మొహం కాదు వాడిది. సరే, నా చెవులే మోసం చేశాయనుకున్నా. అప్పటి నుంచి ఎవరేమన్నా ఇంకోసారి అడిగి రూఢి చేసుకునేవాణ్ణి."

నేను వెళ్ళింది చారల సంగతి చెప్పి క్షమాపణ అడగడానికి. చారలే పోయాయని ఇన్నాళ్ళూ అనుకున్నాను.

"హస్కిన్స్ గారూ…"

"కేక వెయ్యలేదా వాడు?"

"వెయ్యలేదు."

ఈసారి మళ్ళీ చెప్పమనలేదు. పాస్టీని గుడ్డతో సహా నా వైపు జరిపారు. "ఇది తీసుకుపో. ఈ వారం వద్దు."

దాన్ని రెండు మైళ్ళు మోసుకొచ్చాను. మన లెక్కలో రెండు, నిజానికి రెండుంపావు. ఇంటికొచ్చి తినబోయాను, ఒక ముద్ద తిని పక్కన పెట్టేశాను. ఆదివారం ఆయన చాపెల్‌కు రాలేదు. పాస్టరుగారు అలవాటు చొప్పున ఖాళీ బల్ల వైపు తిరిగి అరిచారు. ఆయన ఇక నా మొహం చూడరని, ఈ వయసులో ఆయనకున్న ఒక్క స్నేహాన్నీ నేనే పాడుచేశానని, అంతసేపూ ప్రార్థనకు బదులు అదే నా బెంగ.

సోమవారం పొద్దున బట్టలు నానేసి, కాగు కింద మంట పెట్టాను. సోమవారం తొమ్మిదింటికల్లా ఈ రోడ్డు పొడుగునా ప్రతి ఇంటి తాడు మీదా బట్టలు ఎగురుతుంటాయి. ఎవరి తాడు ఆలస్యమైందో ఎవరికీ తెలియకుండా ఉండదు. సబ్బు చేతిలో ఉండగా బండి చప్పుడైంది. హస్కిన్స్ గారు. ముందు చక్రం ఆకుకు కొత్త ఎర్రగుడ్డ కట్టి ఉంది.

"ఎక్కమ్మా."

"ఎక్కడికండీ?"

"వెనక కొయ్య దగ్గరికి, పొడుగు మైలు మొదలయ్యే చోటికి. అక్కడి నుంచి దిగి నడుద్దువుగాని. నువ్వు లెక్కపెట్టు, నూరుకోసారి కేక వెయ్యి. నేను గీత గీస్తాను. అరవొద్దు, మామూలుగా అను."

"ఐదు నూర్లని మనకు తెలుసు కదా హస్కిన్స్ గారూ?"

"రోడ్డును కొలవడానికి కాదు తల్లీ. నా చెవుల్ని."

"నా మీద కోపం పోయిందా?"

"పోలేదు. రెండు రోజుల్లో పోయేంత చిన్నది కాదు. నీ మీద కన్నా వాడి మీద ఎక్కువుంది, వాడేమో దొరకడాయె." పగ్గాలు సర్దుకున్నారు. "నువ్వు రాసింది మాత్రం చదువు. ఏదీ కొట్టెయ్యకు. చివర్లో, ఇక ముందు నాతో ఎవరూ అరవొద్దని కూడా రాయి. తల దిమ్మెక్కిపోయింది."

రాశాను. విన్నారు కదా.

"బట్టలు నీళ్ళలో ఉన్నాయండీ. ఓ గంట ఆగితే ఆరేసి వస్తాను."

"నలభై ఐదేళ్ళు ఆగాను. గంట నావల్ల కాదు."

కాగు కింద కట్టెలు బయటికి లాగి, నీళ్ళు చల్లి, ఎప్రన్ విప్పి బండెక్కాను. వెనక కొయ్య దగ్గర దిగి నడవడం మొదలుపెట్టాను. తోటలో గులకరాళ్ళు దొరక్క బయల్దేరేముందే జేబులో చిక్కుడు గింజలు వేసుకున్నాను. మొదటి నూరు కాగానే, నిద్రపోయే బిడ్డ పక్కన మాట్లాడినట్టు, "నూరు" అన్నాను. ఆయన నా వైపు తిరగకుండానే గీత గీశారు. రెండోదీ అంతే. మూడోదానికి అడుగుతారేమోనని చూశాను. అడగలేదు.

డోర్కస్ ఇంటి ముందుకొచ్చేసరికి ఆమె తలుపు తీసుకుని బయటికొచ్చింది.

"తామ్సినూ! ఇవాళ సోమవారం! నీ తాడు ఖాళీగా ఉందే, ఒంట్లో బాగానే ఉందా?"

లెక్కలో ఎనభై ఏడు దగ్గరున్నాను. జవాబు చెబితే ఇంకో పావు మైలు పెరుగుతుంది. వేలు పైకెత్తి చూపించి నడిచాను. ఆమె అలాగే నోరు తెరుచుకుని నిలబడింది.

మైలుకొయ్య దగ్గర బండి ఆగింది. పుస్తకంలో ఐదు గీతలున్నాయి. ఆయన వాటి మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చూసుకున్నారు. కళ్ళు తుడుచుకోలేదు, ముక్కు మాత్రం గట్టిగా చీదారు.

"ఇంకోసారి" అన్నారు. "వెనక్కి పోతూ."

ఎండ బాగా కాస్తోంది, గాలి కూడా మంచిగా ఉంది. ఇలాంటి సోమవారం ఏడాదికి నాలుగైదు వస్తాయేమో. లైమన్ చొక్కాలు కూడా ఆ తొట్టిలోనే ఉన్నాయి, ఎవరికైనా ఇద్దామని నానేశాను. దూరంగా డోర్కస్ ఇంకా గుమ్మంలోనే ఉంది.

"పదండి" అన్నాను. "అవి నాననీ."