స్టేషన్‌లో నా సీతాఫలాల గంప

మొన్న మా అన్న మనుమడు వచ్చాడు. చేతిలో అట్టపెట్టె, అందులో సీతాఫలాలు, ఒక్కోదాని మీద అతికించిన రంగు కాగితపు బిళ్ల. నలభై ఏళ్లకే ఉద్యోగం మానేస్తాడట, అప్పటికి కావలసినంత వెనకేసుకుని ఇక మీద తన ఇష్టప్రకారం బతుకుతాడట. "ఎవ్వరి చెయ్యి చూడకుంట బతకాలె అవ్వా" అన్నాడు. మంచిదే బిడ్డా అన్నాను. తర్వాత వాడేం చెప్పాడో నా చెవికెక్కలేదు, ఆ పెట్టెనే చూస్తూ ఉండిపోయాను.

అరవైల నాడు, పెళ్లయిన కొన్నాళ్లకే మొగుడు పోయి పుట్టింటికి చేరిన ఆడదాని బతుకు ఎలా ఉండేదో మన ఈడు వాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు. మాది జడ్చర్ల దగ్గర పల్లె. మా అన్నది పదిమందికి పెట్టే ఇల్లు, నన్ను ఒక్క మాట అన్నవాళ్లు లేరు. అయినా తలకు చుక్క నూనె కావాలన్నా వదిన ముఖం చూడాలి. వదిన అడిగినదానికన్నా ఎక్కువే పోసేది, అదే నాకు ఇంకా కష్టంగా ఉండేది. ఆమె గయ్యాళి అయి ఉంటే ఒకనాడు పోట్లాడి బయటపడేదాన్ని.

చివరికి పోట్లాట లేకుండానే బయటపడ్డాను. జడ్చర్లలో ఒక ముసలి బేగం ఇంట్లో చిన్న గది కిరాయికి తీసుకుని వేరే పొయ్యి పెట్టుకున్నాను. గుట్టల్లో సీతాఫలాలు తెంపి స్టేషన్‌లో అమ్ముతానని చెబితే అన్న, "మా ఇంటి ఆడిబిడ్డ టేషన్ల గంప వెట్టుకొని కూసుంటదా, నా ముక్కు కోసినట్టే" అని ముఖం తిప్పుకున్నాడు. ఆ పని నాకు నేర్పింది బేగమే. కాయ మీది గళ్ల సందులు తెల్లబడితే కన్ను తెరిచిందంటారు, అలాంటివే తెంపి గడ్డిలో మాగేయాలి. "కన్ను తెరువనిది తెంపితే మాగదు బేటీ, రాయే అయితది. జర ఓపిక పట్టు" అనేది.

నా బేరం మొదలుపెట్టిన నాటి నుంచే బ్రహ్మాండంగా సాగింది. పట్నం పోయే రైలు ఇంకా రాకముందే ఒక బండివాడు వచ్చి గంపకు గంప కొనుక్కుపోయేవాడు, ఖాళీ గంప మర్నాడు తెచ్చిచ్చేవాడు. మారుమాట లేకుండా అడిగినంతా ఇచ్చేవాడు. బేరమాడకుండా సీతాఫలం కొన్న మనిషి ఆ స్టేషన్ పుట్టాక ఉండి ఉండడు గానీ, ఆ వయసులో నాకు అనుమానం ఎక్కడిది, నా పండ్ల గొప్పతనమే అనుకున్నాను. నా పైసలతో కొన్న జొన్నలతో గటక వండుకుని, నా ఆకలి వేళకు నేను తిని, ఇంత సుఖం ఉందా లోకంలో అనుకునేదాన్ని.

సద్దుల బతుకమ్మకు అన్న కచ్చడం బండి పంపాడు. అంత కోపంలోనూ ఆడబిడ్డను పిలవడం మరచిపోలేదని సంబరపడుతూ వెళ్లాను. ఆ రోజుల్లో నాలాంటిది బతుకమ్మ ముందుకు పోరాదు కనుక, ఆడవాళ్లంతా ముందు వాకిట్లో తంగేడు పూలు పేరుస్తుంటే నేను పెరట్లోకి పోయి కూర్చున్నాను. ఎదురుగా పెంటకుప్ప మీద నల్లని గింజలు, చితికిన సీతాఫలాలు, వాటి మధ్య నేను గంపలో పరిచే మోదుగాకులు, గంప అంచుకు నేను కట్టిన నా పాత చీర పేలిక. నీళ్లకు వచ్చిన వదిన నా చూపు ఎటుందో గమనించి, "గవ్వా? మీ అన్న దినాం గంపెడు తెప్పిస్తుండు పిల్లా. పిలగాండ్లు తిని తిని ఇసిగిపోయిన్రు, ఇగ పెంటల పోస్తున్న" అంది. పాపం, ఆమెకేమీ తెలియదు.

నాకు కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. సత్తుపిండి పెడితే తిన్నాను, కచ్చడం ఎక్కి వచ్చేశాను. అన్నను ఒక్క మాట అడగలేదు. మర్నాడు బండివాడు వస్తే అమ్మనన్నాను. ఆ రోజంతా రైలు కిటికీల వెంట తిరిగితే సగం గంప కూడా పోలేదు, మిగిలినవి కుళ్లాయి. ఆ పూట గటక పలుచన, కానీ నాది. ఆ తర్వాత ఆముదపు చేలల్లో కూలికి పోయాను, స్టేషన్ బయట చిన్న కొట్టు పెట్టాను, ఇన్నేళ్లూ నా తిండి నేనే తిన్నాను. అన్న మాత్రం నా గడప తొక్కలేదు. పట్టుకున్న చేతిని నేను విదిలించానని ఎవరితోనో అన్నాడట. ఆయన పోయిన రోజు పక్కన కూర్చున్నాను. అందరూ ఏడుస్తున్నారు, నాకు పెరట్లో కూర్చున్నట్టే ఉంది.

ఇప్పుడు సీతాఫలం తోటల్లో పండుతుంది, పెట్టెలో వస్తుంది. ఎవరి చెయ్యీ చూడకుండా బతకడం పిల్లలు ముందే లెక్క వేసుకుని చేసే పని, అందుకు ఎవరితోనూ మాటలు పోగొట్టుకోనక్కర్లేదు. వాడు వెళ్లాక ఒక పండు విప్పి నోట్లో పెట్టుకున్నాను, రుచేమీ తెలియలేదు. అన్న నా పండ్లు కొన్నది పరువు కోసమా, నా కోసమా అన్నది ఇన్నేళ్లుగా తేలలేదు. వాటిలో ఒక్కటైనా ఆయన తిన్నాడా అని ఆనాడే వదినను అడిగి ఉంటే తెలిసిపోయేది. ఇప్పుడు వదినా లేదు.