పెద్దల పీట మీది క్యాసెట్టు

మా ఇంట్లో పోయినవారిని కొలిచే పెద్దల పీట మీద మామగారి ఫోటో పక్కన ఒక క్యాసెట్టు ఉండేది. అది మా మరిదిది. అతనికి ఒక్క మంచి ఫోటో లేదు. రాయచూరు దగ్గర ఇడపనూరులో మా ఆయన, మరిది కలిసి మైక్ సెట్ నడిపేవారు. చుట్టుపక్కల పెళ్ళిళ్ళన్నింటికీ వెళ్ళినా, మైక్ సెట్ మనిషిని ఫోటోకు ఎవరు పిలుస్తారు? అందుకని అతను పోయాక మా అత్త ఆ క్యాసెట్టునే పీట మీద పెట్టింది.

అందులో ఉన్నది భజన కాదు, ఇంగ్లీషు పాటలు. ఒకసారి థర్మల్ కాలనీలో ఏదో ఉత్సవానికి మైకులు కట్టడానికి పోతే, అక్కడి ఇంజనీరు ఒకాయన తన క్యాసెట్టు ఇచ్చి వేయమన్నాడట. ఇంగ్లాండులోని పాత బ్యాండు ఒకటి, గిటార్లు, డ్రమ్ములు, గొంతు చించుకునే పాటగాడు. మరిది దాన్ని కాపీ చేసుకుని తెచ్చాడు. ఇక అదే పిచ్చి. ఒక్క మాట అర్థమయ్యేది కాదు గానీ ఏ దెబ్బ తరువాత ఏ దెబ్బ పడుతుందో నోటితో కొట్టి చూపించేవాడు. పెళ్ళింట్లో స్పీకరు బాక్సులు పరీక్షించేటప్పుడు సన్నాయికి బదులు అదే పెట్టేవాడు. ఒక పెళ్ళిలో పెళ్ళికొడుకు మేనమామ బయటికి వచ్చి, "పెండ్లి చేస్తున్నరా, దొంగలను తరుముతున్నరా?" అని అడిగాడు. మరిది నవ్వి, పాట అయ్యాకే ఆపాడు.

ఆ బ్యాండు బెంగళూరు వస్తున్నదని రాయచూరులో ఆడియో షాపతను చెప్పాడు. అన్నదమ్ములిద్దరూ రైలెక్కారు. కచేరీలోకి రికార్డరు తేనివ్వరని, చిన్న టేప్ రికార్డరును జొన్న రొట్టెల మూటలో పెట్టి కట్టింది నేనే. మరిది ఎట్లా చెప్తే అట్లా కట్టాను. కింద రెండు రొట్టెలు, పైన రొట్టెలు, అన్నిటి మీద వెల్లుల్లి దంచి వేసిన పుండికూర, అదే గోంగూర. గేటు దగ్గర పోలీసాయన మూట విప్పబోయి, వాసనకు ముఖం తిప్పుకుని పొమ్మన్నాడట.

మైక్ సెట్ వాళ్ళకు ఒక పద్ధతి ఉండేది. ఏది రికార్డు చేసినా మొదట ఊరి పేరు, కార్యం ఎవరిది, రికార్డు చేస్తున్నది ఎవరు, ఇవన్నీ నెమ్మదిగా చెప్పి అప్పుడు మొదలుపెడతారు. మరిది అక్కడ కూడా పద్ధతి తప్పలేదు. "ఇది బెంగళూరు. పాడువారు ఇంగ్లాండు వారు. రికార్డు చేస్తున్నవారు ఇడపనూరు మైక్ సెట్ వారు" అని రేడియోలో వార్తలు చదివినట్టు చెప్పాడు. అక్కడి నుంచి చివరిదాకా పాటల మీద అతని కేకలే. తిరిగొచ్చాక ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి వినిపించాడు. మాకు అర్థమైనవి ఆ మొదటి మాటలు మాత్రమే. అవి వచ్చినప్పుడల్లా మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది.

మరుసటి ఏడు ఒక జాతరలో హారన్ మైకు కడుతూ కరెంటు తగిలి మరిది పోయాడు. పక్క ఊరి పని ఒప్పుకుని మా ఆయన ఆ రోజు అక్కడ లేడు.

అతని గొంతు ఉన్న ఆ బెంగళూరు క్యాసెట్టునే అత్త పీట ఎక్కించింది. ఆ తరువాత దాన్ని ఎవరూ వేయలేదు. పెద్దలకు పెట్టినదాన్ని మళ్ళీ టేపు డబ్బాలో వేసి తిప్పకూడదని అత్త మాట. ఏటా పెత్తరమాసకు పెద్దలకు వండి పెట్టే రోజున, దానికీ మామగారితో సమానంగా పసుపు నీళ్ళు చల్లి, కుంకుమ పెట్టి, ఊదు పొగ వేసేది. మామగారి ఫోటోకు అద్దం ఉంది. క్యాసెట్టుకు టేపు కనపడే నోరు ఉంది. నోటి మీదే బొట్టు పెట్టాలని అత్త పట్టు, మాట్లాడేది అక్కడి నుంచే కదా అని. అది తప్పని మాలో ఎవరికీ తోచలేదు. మైక్ సెట్ నడిపిన మా ఆయనకు కూడా.

పోయిన ఏడు అత్త తుంటి విరిగి మంచం పట్టింది. అప్పుడు తనంతట తానే నియమం తీసేసింది. వాని మాట ఒక్కసారి వినిపించమని రోజూ అడగసాగింది. మా ఆయన పాత రికార్డరు దులిపి క్యాసెట్టు వేశాడు. కరకరమని ఒక చప్పుడు, అంతే. వెంటనే ఆపేశాడు. టేపు చుట్ట చుట్టకు అతుక్కుపోయి ఉంది.

మా కూతురు ఫోన్లో వెతికింది. ఆ బ్యాండు కచేరీలను జనంలో నిలబడి రికార్డు చేసుకున్నవాళ్ళు, వాటిని పోగుచేసేవాళ్ళు లోకమంతా ఉన్నారట. అటువంటి ఒకాయన బెంగళూరులో దొరికాడు. ఆ సాయంత్రపు రికార్డింగు కోసం చాలా కాలంగా చూస్తున్నానని, పోస్టులో పంపవద్దని, తానే బయలుదేరి వచ్చాడు. పీట దగ్గర చెప్పులు విడిచి నిలబడ్డాడు. మా వాడు నీకెట్లా తెలుసని అత్త అడిగితే, తెలియదమ్మా, ఆ రోజు నేనూ అదే మైదానంలో ఉన్నానని కన్నడంలో చెప్పాడు. అత్తకు అది చుట్టరికం లాగే తోచింది. క్యాసెట్టు ఇచ్చింది.

కొన్ని వారాల తరువాత కబురు వచ్చింది. కుంకుమ, తడి తగిలిన మొదటి భాగం పోయింది. మిగిలినదంతా వచ్చింది, దాన్ని కూతురి ఫోనుకు పంపాడు. అంటే నెమ్మదిగా చెప్పిన ఆ మాటలు లేవు, కేకలు మాత్రం ఉన్నాయి. మేము దాన్ని అత్తకు పెట్టకముందే ఆయన ఇంకో మాట కూడా అడిగాడు. దీన్ని నలుగురికీ వినిపించేటప్పుడు, మైకు దగ్గర అరుస్తున్న మనిషి గొంతును కంప్యూటరులో తగ్గించవచ్చా అని.

అత్త మంచం మీదే లేచి కూర్చోబోయింది. "మావాని మాట తీసేస్తరంట? ఆ పాటలనే తీసెయ్యమను. మాకెందుకు ఆ పాటలు?"

అదీ చేయవచ్చన్నాడాయన. చేసి పంపాడు.

పొద్దున్నే అత్తకు ముఖం కడిగి, తల దువ్వి, ఫోను దిండు పక్కన పెట్టాం. పాట లేదు, జనం లేరు. ఖాళీ చోట ఎవరో దూరం నుంచి అరుస్తున్నట్టు మరిది గొంతు. "అన్నా, ఏడున్నవ్?" కాసేపు ఏమీ లేదు. "నీళ్ళున్నయా?" మళ్ళీ ఏమీ లేదు. "ఇటు రా, ఇటు రా." తరువాత గొంతు చీలిపోయేటట్టు, "వద్దు, ఆపొద్దు, ఆపొద్దు."

అత్త నా చెయ్యి పట్టుకుంది. "ఎవరు కొడుతుండ్రే వాన్ని?"

ఎవరూ కొట్టడం లేదని, బాక్సుల పక్కన అట్లా అరిస్తేనే వినపడుతుందని మా ఆయన చెప్పాడు. అత్త వినలేదు. కొడుకు వైపు చూసి, "నువ్వు పక్కల్నే ఉంటివి కద. అన్నా అని పిలుస్తుంటే ఎందుకు పలకలే?" అంది.

తాను పలికాననీ, మెల్లగా పలకడం వల్ల టేపుకు ఎక్కలేదనీ ఆయన అనలేదు. లేచి బయటికి పోయాడు. ఆమె అడిగినది బెంగళూరు సంగతి కాదని, ఆ జాతర సంగతని నాకు, ఆయనకు తెలుసు. ఆమెకు తెలుసో లేదో ఇప్పటికీ చెప్పలేను.

అత్త రెండు పూటలు గంజి కూడా ముట్టలేదు. కొడుకు గొంతు విని కళ్ళు మూస్తే చాలనుకున్న మనిషికి ఆ కేకలే చెవిలో మిగిలిపోతాయని నాకు భయం పట్టుకుంది. పాట తీయకుండా మొదట పంపినది ఉంది కదా, అది పెట్టమని కూతురితో అన్నాను. మా ఆయన పాత బాక్సు ఒకటి మోసుకొచ్చి ఫోనుకు తగిలించాడు.

డ్రమ్ములు మొదలయ్యాయి. ఇల్లంతా అదిరింది. వేల మంది అరుపులో మరిది అరుపు ఒకటి. "ముసలోడు ఎట్ల కొడుతుండు చూడన్నా, వీని చెయ్యి పాడుగాను" అని డ్రమ్ములు కొట్టేవాణ్ణి మెచ్చుకున్న మాట మొన్న విడిగా విన్నప్పుడు మాకు తెలియనే లేదు. పాట అయిపోవచ్చి పాటగాడు ఏదో అన్నాడు, ఇక చాలిస్తామన్నాడని కూతురు చెప్పింది. అప్పుడు జనమంతా వద్దు వద్దని గోల చేశారు, ఆ గోలలోనే అతని "ఆపొద్దు" వచ్చింది. గిటారు మళ్ళీ అందుకుంది. మరిది ఈల వేశాడు.

అత్త చాలాసేపు విన్నది. ఎప్పుడూ చెవులు మూసుకునే పాట అది. "ఇంకా జోరుగ పెట్టు" అంది.

బెంగళూరాయనకు ఏం చెప్పాలని కూతురు అడిగితే, "ఏదీ తియ్యొద్దను. పాట లేకుంటే వాడు ఆగమైతడు" అంది. ఆయన అట్లాగే ఇంటర్నెట్‌లో పెట్టాడు. వింటున్నవాళ్ళలో ఒకరు ఆ అరిచే మనిషి ఏమంటున్నాడని అడిగారట. నాకు అక్షరాలు వచ్చి ఎంతో కాలం కాలేదు. కూతురు రాస్తానన్నా ఫోను తీసుకుని ఆ మాటలన్నీ తెలుగులో నేనే రాశాను. మధ్యాహ్నమంతా పట్టింది.

ఇప్పుడు దాదాపు రోజూ పెడతాం. మొదటి రోజునే అత్త మా ఆయనను మంచం పక్కన కూర్చోబెట్టుకుని ఒక ఆన పెట్టింది. పిలిచినప్పుడు పలకాలి. అందుకే మా ఆయన ఎక్కడ ఏ పనిలో ఉన్నా మరిది పిలిచే ఆ పాట సమయానికి లోపలికి వస్తాడు. అన్నా, ఏడున్నవ్ అని మరిది అరవగానే, డ్రమ్ముల మీదుగా అత్తకు వినపడేటట్టు, "ఈడనే ఉన్న రా" అని గట్టిగా అంటాడు.