కొరియా అప్ప సినిమాకు మామ చెప్పిన ముగింపు

మా వీడియో మామ పోయాడని మొన్న మంగళవారం పొద్దున హిందూపురం నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు. ధర్మవరంలో మా పక్కిల్లే ఆయనది. పెళ్ళిళ్ళకు వీడియోలు తీసేవాడు. పని తక్కువ, సినిమాల పిచ్చి ఎక్కువ అని ఇప్పుడు కూడా కొందరు అంటున్నారట. అననీ. ఆ పిచ్చే లేకపోతే మా వీధికి నోరెత్తడం తెలిసేది కాదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఆయన ఒక కొరియా దర్శకుడి వెంట పడ్డాడు. ఆ పేరు మాకు నోరు తిరిగేది కాదు, కొరియా అప్ప అనేవాళ్ళం. మామ బెంగళూరు నుంచి సీడీలు తెప్పించి, కింద పడే ఇంగ్లీషు అక్షరాలను డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివి, ఒక్కో సినిమా నాలుగైదు సార్లు చూసేవాడు. అమావాస్యనాడు మగ్గాలకు సెలవు. ఆ మధ్యాహ్నం మామ మా నాయన మగ్గాల షెడ్డులో టీవీ పెట్టి, పక్కన నిలబడి, అందరి మాటలూ తానే మన యాసలో చెప్పేవాడు. కొరియా ముసలమ్మ "యాడికి పోతాండావు నాయనా" అంటే షెడ్డంతా నవ్వేది. ఎవరైనా మధ్యలో లేస్తే, "కూచోప్పా, ఆయప్ప మనకోసమే రాసినాడు" అనేవాడు.

ఒక సినిమాలో ఊరంతా ఆనకట్ట కింద మునిగిపోవాలి. ఒక ముసలామె మాత్రం ఇల్లు ఇచ్చేస్తానని సంతకం పెట్టనంటుంది. అధికారులు ఆమె గడప దగ్గరికి వచ్చేసరికి మొదటి సీడీ అయిపోయింది. పెట్టెలో రెండోది లేదు, ఆ సగం మామ కూడా చూడలేదు. జనం కదలరు. మామ గొంతు సవరించుకుని మిగతా కథ నోటితోనే చెప్పాడు. అధికారులు తల దించుకుని వెనక్కి పోయారట, ఇల్లు నిలిచిందట. అందరూ చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది మా వీధిలో మగ్గం నేసే సుబ్బక్క. రోడ్డు వెడల్పు కోసం మున్సిపాలిటీవాళ్ళు అప్పటికే ఆమె ఇంటి గోడకు గుర్తు వేసి ఉన్నారు. మరునాడే ఆమె కూడా సంతకం పెట్టేది లేదని చెప్పేసింది.

ఏడాది తర్వాత పెనుకొండలో ఒక పెళ్ళి దగ్గర, సీడీలు పంపే బెంగళూరు స్నేహితుడు కలిసి, రెండో సీడీ, ఒక సినిమా పత్రిక మామ చేతిలో పెట్టాడు. కొరియా అప్ప బతుకంతా అందులో ఉంది. తొంభైల్లో ఏళ్ళ తరబడి పరాయివాళ్ళకు కథలు రాసిపెట్టాడు. సొంతంగా తీసిన మొదటి సినిమా ఆడలేదు. రెండోదాని ముగింపు మార్చమన్నారు నిర్మాతలు, మార్చనన్నాడు. మూడేళ్ళు పని లేకుండా కూర్చుని, చివరికి తాను రాసినట్టే విడుదల చేయించుకున్నాడు. ఆ రెండోది మేము సగం చూసిన సినిమానే. అందులో చివరికి ఇల్లు మునిగిపోతుంది.

మామకు రెండు రోజులు అన్నం సయించలేదు. ఎవరికి తెలుస్తుంది, ఊరుకోమన్నాడు మా నాయన. సుబ్బక్క ధైర్యం చెడగొట్టొద్దని అత్త బతిమాలింది. ఆయన వినలేదు.

"మూడేండ్లు పస్తులుండి ఆయప్ప కాపాడుకున్నదాన్ని నేను ఒక్క మధ్యాహ్నంలో మార్చేసినా. అబద్ధం చెప్పి ఆయక్కను నిలబెట్టినా. రేపు గోడ కూలితే ఏ మొగం పెట్టుకోని ఆడికి పోవాల?"

తరువాతి అమావాస్యకు అందరినీ పిలిచాడు. పోయినసారి చెప్పింది తన కల్పన అని ముందే ఒప్పుకున్నాడు. టీవీలో నీళ్ళు గడప దాటాయి, కిటికీ దాటాయి. మామ ఒక్క మాట మార్చకుండా చెప్పాడు. సగం మంది తిట్టుకుంటూ లేచిపోయారు. నాకూ కోపమొచ్చింది, దాచను. సుబ్బక్క మాత్రం చివరిదాకా కూర్చుంది.

"మునిగింది సరే. ఆయమ్మ సంతకం పెట్టిందా?" అని అడిగింది.

"పెట్టలేదక్కా."

"అయితే నేనూ పెట్టను."

పదిహేను రోజులకు మున్సిపాలిటీవాళ్ళు ఇల్లు కూల్చడానికి వచ్చారు. సుబ్బక్క లేవలేదు, మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తూనే ఉంది. మామ పెళ్ళి కెమెరా భుజాన వేసుకుని వచ్చి ఆమె పక్కనే నిలబడ్డాడు. పొమ్మన్నా పోలేదు. ఇంటికప్పు రేకులు ఒక్కొక్కటే లేచిపోతుంటే, ఎన్నడూ ఎండ సోకని ఆ మగ్గం మీది పట్టు మీద ఎండ పడింది. సుబ్బక్క పోగు తిప్పే నాడె అటూ ఇటూ విసురుతూనే ఉంది, మామ తీస్తూనే ఉన్నాడు.