బియాస్ ఒడ్డున ఆగిన సైన్యం, కనిగిరి కొండ మీద మా అమ్మ

అలెగ్జాండర్ ఎందుకు వెనక్కి తిరిగాడు? బి.ఇడి. శిక్షణలో నా పరీక్ష పాఠం ఈ ప్రశ్న దగ్గరే తప్పింది. "సైనికులు అలసిపోయారు" అని పుస్తకంలోని ముక్క చెప్పాను. పిల్లలు ఆవలించారు. వెనక బెంచీలో కూర్చున్న మాస్టారు, "నీకే నమ్మకం లేని మాట పిల్లలకు చెప్పకమ్మా. సోమవారం ఇంకోసారి చెప్పు. అదే ఆఖరు" అన్నారు. మా ఇంట్లో బడికి వెళ్లింది నేనొక్కదాన్నే. ఈసారి తప్పితే ఏడాది పోతుంది. ఒక కోటనైనా కళ్లారా చూస్తే ఏమైనా తడుతుందేమోనని శనివారం కనిగిరి బయలుదేరాను. మిరపకోతల రోజులైనా అమ్మ కూడా వస్తానంది. రెండు రోజులుగా ఆమె పనికి వెళ్లడం లేదు. ఎందుకో నేను అడగలేదు.

పొదిలిలో ఆరున్నర బస్సెక్కితే ఎనిమిది లోపే కనిగిరిలో దిగాం. దారి పొడవునా కళ్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరుతున్నాయి. బస్టాండులో ఇడ్లీలు తిని ఆటో మాట్లాడుకున్నాం. కొండ కింద దించుతూ డ్రైవరు, "పదింటికల్లా దిగిరాండి, పెద్దమ్మా. ఆ తర్వాత రాయి కాలిద్ది" అన్నాడు.

"మిరప చేలో కన్నానా?" అంది అమ్మ.

పైకి గంటకు పైగా పట్టింది. కూలిన గోడ పక్కన నిలబడి చూస్తే నేల ఆకాశంలో కలిసేదాకా చేలే. ఇరవై ఏళ్లకు రాజై, పర్షియాను గెలిచి, ఇలాంటి మైదానాలు ఎన్నో దాటి మన జీలం నదినీ దాటొచ్చిన మనిషిని తలుచుకుంటే ఒళ్లు జలదరించింది. అమ్మకు ఆ కథంతా చెప్పాను. బియాస్ నది దగ్గర సైన్యం కదలనంటే, అతను మూడు రోజులు గుడారంలోంచి బయటికి రాలేదన్నాను.

అమ్మ నవ్వింది. "మా ఆసామీ అంతే. ఇదే ఆఖరి చేను అన్నాడు. అది కోశాక ఇంకోటి చూపించాడు. మా కూలీల ముఠా అంతా గట్టెక్కి కూర్చున్నాం. రెండు రోజులై ఆయన ఇంట్లోంచి రాలేదు."

"అలసిపోయారా అమ్మా?"

"అలుపుకైతే ఒకరో ఇద్దరో కూర్చుంటారే. అందరం కూర్చున్నామంటే ఆయన మాట మీద నమ్మకం పోయినట్టు. అప్పుడిక ముఠాలో ఎవరూ చేలోకి దిగరు."

ఎనిమిదేళ్లు నడిచిన ఆ సైన్యం మొత్తం, గట్టు మీద కూర్చున్న ఆడవాళ్లలా, మొదటిసారి నాకు కనిపించింది.

దిగుతుండగా అమ్మ అడిగింది. "ఇంతకీ ఇల్లు చేరాడా?"

"లేదు. దారిలోనే, బాబిలోన్‌లో పోయాడు. ముప్ఫై మూడేళ్లు కూడా నిండలేదు."

"అప్పటికి వాళ్లమ్మ ఉందా?"

"ఉంది."

అమ్మ నా చెయ్యి పట్టుకుని మిగతా కొండ దిగింది.

సోమవారం తరగతిలో, మిరపకోతకు వెళ్లినవాళ్లు చెయ్యెత్తండి అన్నాను. దాదాపు అందరూ ఎత్తారు. ముఠా ఎప్పుడు కూర్చుంటుందో వాళ్లే చెప్పారు. నేను నది పేరు మాత్రం కలిపాను. చివర్లో అమ్మ అడిగిన రెండు ప్రశ్నలూ అడిగితే ఒక్కరూ ఆవలించలేదు. మాస్టారు నా కాగితం మీద సంతకం పెట్టి, "ఇది ఏ పుస్తకంలో ఉందమ్మా?" అన్నారు.

అంత లోకాన్ని గెలిచినవాణ్ని ఆపింది శత్రువు కాదు, వెంట నడిచినవాళ్లే. ఆ మాట నాకు చెప్పింది అక్షరం రాని మా అమ్మ. ఇప్పటికీ ఈ రెండింటిలో ఏది పెద్ద ఆశ్చర్యమో తేల్చుకోలేను. మీరూ కనిగిరి వెళితే మొదటి బస్సు పట్టుకోండి. పైన నీళ్లు దొరకవు, మనిషికి రెండు సీసాలు మోసుకెళ్లండి. మేము ఒక్కటే తీసుకెళ్లాం. అమ్మ దాహం లేదంటూ అదంతా నాచేతే తాగించింది.