పేర్లు గీకిన గిన్నెలు

గర్‌ర్... గర్‌ర్... ఆకురాయి ఇత్తడిని కొరుకుతున్న చప్పుడు. పట్టాల మీద గూడ్స్ బండి వెళ్లిపోయాక డోర్నకల్‌లో మిగిలే ఆదివారపు నిశ్శబ్దంలోకి అది ఆగి ఆగి వస్తోంది, దగ్గు అణుచుకుంటున్న మనిషిలా. గోడ మలుపు తిరిగితే మా వీధి అండాలక్క కనిపించింది. వాకిట్లో పాత చీర పరిచి ఉంది. దాని నిండా బిందెలు, సర్వలు, తాంబాళాలు. ఒక బిందెను రెండు పాదాల మధ్య ఇరికించుకుని దాని మెడను గీకుతోంది.

"ఏందక్కా గది?"

"పేర్లు తీస్తున్న తమ్మీ." తల ఎత్తలేదు.

మా దిక్కు పెళ్లికి గిన్నె పెట్టేవాళ్లు దుకాణంలోనే దాని మీద తమ పేరు చుక్కలు చుక్కలుగా కొట్టించి పెడతారు. అండాలు టేకుమట్ల నుంచి కోడలిగా వచ్చినప్పుడు, ఆ చుక్కల్లో కూర్చుని ఆమె ఊరు సగం ఇక్కడికి వచ్చింది. ఇక్కడి వాళ్లూ పెట్టారు. ఆమెకు చదువు రాదు. చీకట్లో కూడా గిన్నె మెడ మీద వేలు పెట్టి, ఇది మేనమామది, ఇది చిన్నవ్వది అని చెప్పేది.

పెనిమిటి కట్టయ్య సుతారి పని చేసేవాడు. ఈ వీధిలో సగం గోడలు అతను కట్టినవే. ఆమె మిరప చేలకు పోయేది. ఇద్దరి చేతులూ ఆ ఇంటిని మోశాయి, అతని మూత్రపిండాలు చెడిపోయేదాకా. వారానికి మూడుసార్లు వరంగల్ దవాఖానలో రక్తం కడిగించుకోవాలి. పోయేటప్పుడు రైల్లో నిలబడి పోవడం, వచ్చేటప్పుడు నిలబడలేకపోవడం. మొన్న ప్లాట్‌ఫాం మీద పడిపోయాడు. ఇంకోసారి ఇలా పడితే బతకడు అన్నారు దవాఖానలో. ఈ రైలు తిరుగుడు తప్పాలని అండాలు ఆ దవాఖాన వెనక సందులో అద్దెకు ఒక గది మాట్లాడింది. ఆదివారం సాయంత్రంలోగా అడ్వాన్సు ఇవ్వాలి. మెడలోది, చెవులవి ముందే పోయాయి. మిగిలింది ఇంటి సామాను. వాకిట్లో పెట్టి అందరినీ పిలిచింది.

శనివారం మంచం పోయింది, కూలరు పోయింది, కుట్టు మిషను పోయింది. వచ్చింది సరిపోలేదు. ఇత్తడి పోతే సరిపోయేది. కిరాణా కొట్టు కమలాదేవి గంగాళం ఎత్తి, వెలుగుకు తిప్పి చూసింది.

"గిది మా అత్త పేరు గాదే? మా అత్త పెట్టింది నాకే అమ్ముతున్నవా అండాలూ?"

"నీకని గాదక్కా..."

"పెట్టిన సొమ్ము మల్ల పైసలిచ్చి తెచ్చుకుంటరా ఎవలన్న? సచ్చిన మా అత్త గిది సూస్తె మల్ల సస్తది."

ఎవరో నవ్వారు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. అందరూ గిన్నెల మెడలు చూడటం మొదలుపెట్టారు. ఒకరికి తండ్రి పేరు, ఒకరికి అన్న పేరు. తమ పేరున్నది కొనలేరు. పక్కింటి పేరున్నది తమ వంటింట్లో పెట్టుకోలేరు. కోపంగా వెళ్లిపోయినా బాగుండేది. సిగ్గుపడుతూ, ఒక్కొక్కరే వెళ్లిపోయారు.

అందుకే ఈ ఆకురాయి.

"ఇడిసిపెట్టే," లోపల చాప మీది నుంచి కట్టయ్య గొంతు. "గీకి గీకి నీ రెక్కలు పోతయి గని నా కిడ్నీలు వస్తయా?"

"నువ్వు ఊకో. మా వోళ్లు పెట్టినయి, నేను గీక్కుంట. నీకేం నొప్పి?"

మధ్యాహ్నానికి పేర్లన్నీ పోయాయి. పేరున్న చోటల్లా పచ్చి మెరుపు, కాలిన గాయం మీద వచ్చిన కొత్త తోలులా. తనతో మిరపకాయలు ఏరే రుక్కికి కబురు పెట్టింది. తండాలో రుక్కి కొత్త ఇల్లు కట్టుకుంది. సంబరంగా వచ్చి, బిందె ఎత్తి, మెల్లగా దించింది.

"ఏందే గిది? గిట్లెందుకు గీకినవ్?"

"పేర్లుంటె ఎవలు కొంటలేరు రుక్కీ. నావే, నా పెండ్లియి."

"నాకెరికే. నా ఇంటికొచ్చేటోళ్లకు ఎరికుంటదా? పేరు గీకిన సర్వ అంటె దొంగసొమ్మే అంటరు. తండోళ్ల ఇంట్ల గది కండ్లవడితె పోలీసోళ్లు ముందుగాల మమ్ముల్నే గుంజుకపోతరు." ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "నిన్న పిలిస్తేంది పిల్లా! పేర్లతోని తీస్కపోదును గద. పెట్టినోళ్లెవలో మాకేంది?"

పాత సామాను కొనే ఎల్లేశ్ తక్కెడ దించను కూడా దించలేదు. "ఠాణాల జవాబు ఎవలు చెప్తరు వదినా?" అని బండి తిప్పుకున్నాడు.

పొద్దు వాలుతుండగా గది యజమాని ఫోన్ చేశాడు. అండాలు రెండుసార్లు "ఆఁ" అంది, ఫోన్ కొంగులో చుట్టుకుంది. గది ఇంకొకరికి ఇచ్చేశాడట. గిన్నెలు లోపల పెట్టడానికి నేనూ చెయ్యి వేశాను. గడప దగ్గర ఒక చెంబు మెడ మీద ఆమె వేలు అలవాటుగా కదిలింది. నున్నగా జారింది. ఆ చెంబు ఎవరిదో ఆమెకు తెలియలేదు.  లోపల కట్టయ్య గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

"రేపు ఎట్లక్కా?" అన్నాను.

"మల్ల రైలుబండికే పోతం తమ్మీ. కూసునేతందుకు జాగ దొరికితె ఆయన తలకాయ నా ఒళ్లె పెట్టుకుంట. దొరకకపోతె గా తలుపుకాడ నిలవడి ఆయన్ను పట్టుకుంట. పట్టుకున్నంతసేపు పట్టుకుంట. నువ్వు పో ఇగ, పొద్దువోయింది."